ఫారంలో రాసిన ఇంటిపేరు

కొలంబో, 12-8-2004

చిన్నత్తయ్య గారికి శేషారత్నం నమస్కారాలు.

ఆయన ఊపిరి నిలకడగా ఉంది, కళ్లు మాత్రం ఇంకా తెరవలేదు. మీ పక్కింటి ఫోనులో నలుగురి ముందూ చెప్పలేని మాట ఒకటి రాస్తున్నాను.

సోమవారం ఆసుపత్రిలో కట్టబోతే క్రెడిట్ కార్డు పనిచేయలేదు. పరాయి దేశంలో వాడతామని ముందుగా చెప్పనందున బ్యాంకు ఆపేసిందట. ఆయన కార్డుకు జతగా నాకూ ఒకటి ఉంది కనుక నేనే హైదరాబాదుకు ఫోను చేశాను.

"మీవారి తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు చెప్పండి మేడమ్" అంది అక్కడి అమ్మాయి. ఆయన్ని దత్తత తీసుకుని పెంచిన మీ తోడికోడలు, పెద్దత్తయ్య గారిది చెప్పాను.

"కాదండీ. ఫారంలో సారు వేరే రాశారు. ఇంకొక్కసారే అడుగుతాను."

ఈసారి ఆయన్ని కన్న మీ పుట్టింటి పేరు చెప్పాను.

"సరిపోయిందండి" అంది. కార్డు పనిచేసింది.

యాభై ఏళ్లుగా మిమ్మల్ని పిన్నీ అని పిలిచిన మనిషి, మనమెవరం చూడని కాగితం మీద అలా రాసుకున్నారు. ఆ పేరు గుట్టుగా ఉంచమని బ్యాంకువాళ్లు అన్నారు కనుక ఈ పోస్టుకార్డు మీద రాయడం లేదు.

కోల్డ్ స్టోరేజీలోని మన మిరపకాయ టిక్కీలు ఒక్క బస్తా కూడా నేనొచ్చేదాకా అమ్మనివ్వకండి. మీ బీపీ మాత్రలు ఉన్నాయా?

ఇది అందాక వచ్చే ఆదివారం పొద్దున పదింటికి పక్కింట్లో ఉండండి. ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను, డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఎవరున్నా సరే, 'పిన్నిని' అనకండి. 'అమ్మనురా' అనండి.

మీ దీవెన కోసం చూస్తూ,
మీ కోడలు