అట్ట కింద పుస్తకం

హచినొహె,
మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం.

సుమియేకి,

ఉభయకుశలోపరి అని ఒక్క ముక్కలో రాసేద్దామంటే నా జలుబు ఒప్పుకోవడం లేదు. అదొక్కటి తప్పిస్తే నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, చిహొకో, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఒకయామాలో ప్లమ్ పూలు అప్పుడే రాలిపోతున్నాయని రాశావు. ఇక్కడ మేమింకా గుమ్మం ముందు మంచు పారతో ఎత్తిపోస్తున్నాం. చూశావా, 'మన ఒకయామా' అని రాయాల్సింది 'మీ' అని పడింది. బదిలీ మీద ఇక్కడికొచ్చాక ఇది నాలుగో చలికాలం కదా, చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. హీటరు బాగుచేశారు. భోజనానికి లోటు లేదు, ఫ్యాక్టరీ పక్క హోటల్లో ఇక్కడివాళ్ల పులుసే రోజూ. అందులో కరకరలాడే గోధుమ బిళ్లలు వేసి మెత్తగా ఉడకబెడతారు. కరకరలాడేదాన్ని ఉడకబెట్టడమెందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు, కానీ వేడిగా గొంతు దిగుతుంది. చిహొకో పరీక్షలు దగ్గర పెట్టుకుని దయ్యాల కామిక్స్ చదువుతోందని, నన్ను ఫోన్లో గట్టిగా చీవాట్లు పెట్టమని రాశావు. పెడదామంటే దొరకాలి కదా! నేను ఎప్పుడు ఫోన్ చేసినా ఆ పిల్ల స్నానం చేస్తూనే ఉంటుంది. ఇంత శుభ్రమైన పిల్ల జపాన్ మొత్తం మీద ఇంకొకతి ఉండదు.

నీ ఉత్తరం చివర ఇంకొకటి అడిగావు. 'ఏప్రిల్ బదిలీల సంగతి ఏమైనా తెలిసిందా అండీ?' అని. దానికి జవాబు ఈ ఉత్తరం చివర రాస్తాను. నేరుగా రాయడానికి ధైర్యం చాలక, ముందు వేరే కథ చెబుతున్నాను. కాస్త ఓపిక పట్టు.

మా వీధి మలుపులో పుస్తకాల కొట్టు ఉందని ఒకసారి చెప్పాను. నడిపేది ఇసోనో గారని అరవై దాటిన ఆవిడ. నెలకోసారి ఆదివారంనాడు కొట్టు పైగదిలో కిరసనాయిలు స్టవ్ చుట్టూ ఏడెనిమిదిమందిమి కూర్చుంటాం. ఎవరు ఇప్పుడు ఏం చదువుతున్నారో, నవలైనా కామిక్ అయినా, చెప్పుకోవడమే పని. పుస్తకాలన్నింటికీ ఇసోనో గారి కొట్టు కాగితం అట్టే, దాని మీద సముద్రపు కాకి బొమ్మ. రైల్లో నువ్వు చదివేదేమిటో ఎదుటి సీటువాడికి తెలియకూడదని ఎలా అట్ట వేయించుకుంటావో, ఇక్కడా అంతే. నోటితో చెప్పాలి గానీ అట్ట తీసి చూపించనక్కర్లేదు. తీయమని ఎవరూ అడగరు. అడిగితే మర్యాద కాదు.

నేను అక్కడికి వెళ్లేది పుస్తకాల మీద ప్రేమతో కాదని నీకు తెలుసు. ఆదివారం ఉదయం లేస్తే సాయంత్రం దాకా నాతో మాట్లాడేది కిరాణా కొట్టు అమ్మాయొక్కతే. 'సంచీ కావాలా?' అంటుంది. 'వద్దు' అంటాను. ఆ రోజుకి మాటలు అక్కడితో సరి.

ఆ గదిలో నా పక్కన కూర్చునేది కుదో అనే ముసలాయన. స్క్విడ్ పడవ నడిపి నడిపి, మొన్నమొన్ననే ఒడ్డెక్కాడు. భార్య పోయి రెండేళ్లయింది. గొంతు మాత్రం ఇంకా సముద్రం మీదే ఉంది, గదిలో మాట్లాడితే కింద కొట్లోకి వినిపిస్తుంది. ప్రతి నెలా తుపాన్లు, తిమింగలాలు, ఓడ మునకలు అంటూ పెద్ద పెద్ద సాహస నవలల పేర్లు చెప్పేవాడు. నేను పాత యుద్ధాల చరిత్ర చదువుతున్నానని చెప్పేవాణ్ని. నా అట్ట కింద ఉన్నది 'రేవు పక్క ఇల్లు'.

అవును, నువ్వు పెళ్లి కాకముందు నుంచీ చదువుతున్న ఆ అమ్మాయిల కామిక్సే. కొత్త సంవత్సరం సెలవు నుంచి తిరిగొచ్చిన వారమే మొదటి పుస్తకం కొన్నాను. ఇసోనో గారు, "మీ అమ్మాయికా అండీ?" అని అడిగింది. అవునన్నాను. "అట్ట వెయ్యమంటారా?" అంది. "రెండు వెయ్యండి" అన్నాను. ఆవిడ నవ్వకుండా రెండూ వేసింది.

ఫిబ్రవరి ఆదివారంనాడు టీ తాగేటప్పుడు పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టాం. లేచేటప్పుడు పొరపాటున కుదో గారిది నేను తీసుకున్నాను, నా తొమ్మిదో పుస్తకం ఆయన తీసుకుపోయాడు. గదికొచ్చి తెరిచి చూద్దును కదా, తుపానూ లేదు, తిమింగలమూ లేదు. ఒక్కరికి సరిపడా వంటలు! ఒక్క గుడ్డుతో ఏం చెయ్యాలి, సగం ముల్లంగి మిగిలితే ఏం చెయ్యాలి, అన్నీ బొమ్మలతో సహా. అన్నం వండటం దగ్గర పేజీ బాగా నలిగిపోయి ఉంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. అంత గొంతున్న మనిషి ఆ పేజీ ముందు కూర్చుని బియ్యం కొలుచుకుంటూ ఉంటాడని అనిపించి చాలా బాధేసింది.

తరవాత భయం పట్టుకుంది. నా పుస్తకం ఆయన దగ్గరుంది కదా! నెలంతా ఆ కొట్టు మలుపు వైపు వెళ్లకుండా చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్లాను.

పోయిన ఆదివారం మళ్లీ కూర్చున్నాం. కుదో గారి వంతు వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, అందరి ముందూ సముద్రపు కాకి అట్టని చర్రున లాగి పారేశాడు.

"ఇదుగో, ఇదీ నాను సదువుతున్నది. 'రేవు పక్క ఇల్లు'! ఇది నాది కాదు, ఎవుడిదో నాను సెప్పను. ఇది అయిపోనాక ముందువీ ఎనకవీ కొట్లో కొనుక్కుని సదివీసినాను. ఏటమ్మా ఇది, ఆ కిరికో పిల్ల ఆ గడియారాలోడి కొడుకుని ఇన్నేళ్ల బట్టీ సూస్తంది, పడవెక్కి ఎల్లిపోతన్నాడని తెల్సు, నోరిప్పి ఉండమని సెప్పదేటి? ఆ ఎదవకైనా బుద్ధుండక్కర్లేదా, ఉండమంటావా అని అడగడేటి?"

గదంతా ఘొల్లుమంది. ఇసోనో గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆయన నవ్వలేదు. "నవ్వకండి. ఇన్నాళ్లూ నాను సెప్పిన ఓడలూ గీడలూ అన్నీ అబద్ధం. నాను సదివింది అన్నం వండుకోడం. అదీ సరిగ్గా రాలేదు, అడుగంటిపోతంది" అన్నాడు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆయన పుస్తకం ఆయనకిచ్చాను. క్షమించమన్నాను. ఎలాగూ దొరికిపోయాను కదా అని, అది నా భార్యకి ప్రాణమైన కామిక్ అనీ, ఆవిడతో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలని కొన్నాననీ చెప్పేశాను. తొమ్మిదో పుస్తకంలో వాన రాత్రి గురించి ఆవిడకేమనిపించిందో తెలుసుకోవాలనుందనీ అన్నాను. కుదో గారు నన్ను ఎగాదిగా చూశాడు.

"మీయావిడ బతికే ఉంది గదా?"

"ఉందండీ. ఒకయామాలో."

"మరి నాకేటి సెప్తావు? ఆవిడకి సెప్పు. నాకైతే అడగడానికి మడిసి లేదు. నీకేటి రోగం?"

అంతే అని, పుస్తకం చంకన పెట్టుకుని మంచులో జారకుండా చూసుకుంటూ వెళ్లిపోయాడు.

కాబట్టి నీకే చెబుతున్నాను సుమియే. కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు నువ్వూ చిహొకో దుప్పటి కప్పిన హీటరు బల్ల కింద కాళ్లు పెట్టుకుని, ఒకే పుస్తకం మీద తలలు ఆనించి, పగలబడి నవ్వుతున్నారు. నేను తలుపు తీశాను. ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. 'ఏమిటి చదువుతున్నారు?' అన్నాను. 'ఏం లేదు నాన్నా, మీకు బోరు కొడుతుంది' అంది చిహొకో. నువ్వు లేచి వెళ్లి, చుట్టాలొస్తే వేసే మెత్త తెచ్చి నాకు వేశావు. నువ్వు మర్యాదకే చేశావు, తప్పు పట్టడం లేదు. కానీ నా ఇంట్లో నేను మెత్త మీద కూర్చున్న చుట్టాన్నని ఆ క్షణాన తెలిసింది. ఆ రాత్రి రైల్లో ఇంక దేనికి రావడం అనుకున్నాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. తెలిసింది. రెండు వారాల కింద మా మేనేజరు పిలిచి, ఏప్రిల్లో ఒకయామా ఆఫీసులో ఖాళీ వస్తోంది, వెళ్తావా, ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉంటావా అని అడిగాడు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఈ సంగతి నీకు ఫోన్లో చెప్పలేదు. ఇక్కడ ఒంటరిగా ఉండటం నాకు కష్టమే, రోజూ కష్టమే. కానీ ఇక్కడ ఒంటరితనానికి కారణముంది, మీరు దూరంగా ఉన్నారు. మన ఇంట్లో, మీ పక్కనే కూర్చుని కూడా ఒంటరిగా ఉంటే ఇంక నాకు వెళ్లడానికి చోటు లేదు. అందుకు భయపడ్డాను.

మేనేజరుకి రేపు పొద్దున్నే చెబుతాను. వస్తున్నాననే చెబుతాను. వచ్చి ఉండమంటావా అని నిన్ను ముందే అడగాల్సింది, కానీ ఈ ఉత్తరం నీకు చేరేసరికి సంతకం అయిపోతుంది. నువ్వు వద్దందామన్నా ఆలస్యమైపోయినట్టే.

వచ్చిన కొత్తలో మనకి మాటలు దొరకకపోవచ్చు. వెతుక్కోవద్దు. నీకు చదవాలనిపించింది నువ్వు చదువుకో, నేను పక్కనే కూర్చుని నాది చదువుకుంటాను. ఎక్కడైనా నవ్వొస్తే మాత్రం నేను గదిలో ఉన్నానని ఆపుకోకు.

ఇట్లు,
బయల్దేరుతున్న నీ భర్త, చిహొకో వాళ్ల నాన్న,
నొబుతెరు