రాణి వేషం మా బాపుదే

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మూగ సినిమాలో రాణి వేషం కట్టానని నువ్వు చెప్పినప్పుడల్లా, ఇంత గుబురు మీసాల మనిషి రాణేమిటని బోధన్‌లో అందరూ నవ్వేవారు. నిన్న ఆ సినిమా పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ హైదరాబాద్ నుంచి ఒక పంతులు వచ్చాడు. చాయ్ హోటల్లో పదిమందికీ ఆ సినిమాలో రాణి ఫోటో చూపించి, "ఈమె బొంబాయి నటి" అన్నాడు.

"గామె మా బాపు సారూ!" అన్నాను.

హోటలంతా గొల్లుమంది.

"సాక్ష్యమేదమ్మా?" అన్నాడు పంతులు.

మీసం కనబడకుండా రాణి ముసుగు పట్టుకున్న చేతికి ఆరు వేళ్లున్నాయి. నీ పోలికతో వచ్చిన నా చెయ్యి ఆ ఫోటో పక్కన పెట్టాను.

"లెక్కవెట్టుండ్రి."

పంతులు 'నటి' అన్న మాట కొట్టేసి, నీ పేరు అడిగాడు. మూడుసార్లు చెప్పాను. ఒకసారి ఆయన కాగితానికి, రెండుసార్లు ఊరి చెవులకు.