తవాంగులో కాపురం

బండారులంక,
నవంబరు 1998.

ఏవండీ,

తవాంగులో కట్టెల ధరలూ కూరల ధరలూ మండిపోతున్నాయనీ, మీ టీచరు జీతం ఇద్దరికి చాలదనీ, ఈ ఏడాదికి రావద్దనీ రాశారు. సరే అనుకున్నాను. కానీ మీ ఇంటి ఓనరావిడ డోల్మా మీకు ఉన్ని టోపీ అల్లిచ్చిందనీ, రోజూ వెన్న వేసిన టీ తెచ్చిస్తోందనీ అదే ఉత్తరంలో పేజీన్నర రాశారు.

"అబ్బాయేం రాసేడమ్మా?" అని అత్తయ్యగారు అడిగారు.

"అక్కడ చలెక్కువంటండీ."

"ఆయ్, అయితే నువ్వక్కడుండాలి," అన్నారు.

ఖర్చు సంగతి నేనూ ఆలోచించాను. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటే కట్టెలు రెట్టింపు కావు. కూరలు లేకపోతే చారన్నం తింటాను. ఆ డోల్మా వయసెంతుంటుందా అని ఆలోచిస్తూ ఇక్కడ కూర్చోవడం మాత్రం నావల్ల కాదు.

నెలాఖరుకి అన్నయ్యతో బయల్దేరుతున్నాను. బస్టాండుకి మీరొక్కరే రండి.

ఇట్లు,
మీ భార్య