కంపైలర్ లేని సర్వర్

ఆగస్టు 4, 2004, బుధవారం
భద్రాచలం దవాఖానా సర్వర్‌లో ప్రోగ్రాంలు తయారుచేసే కంపైలర్ ఉండదు. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్తగూడెం ఆఫీసులో తయారుచేసి, సీడీలో ఎక్కించి, బస్సులో మోసుకెళ్లాలి. ఈ రోజు వానకు బస్సు పాల్వంచ దగ్గరే ఆగింది. సీడీని చున్నీలో చుట్టుకుని కూర్చున్నా. ఒళ్లు తడిస్తే తడిసింది.

ఈ పని నేర్పింది షాలేమ్‌రాజు అన్న. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, మా చర్చిలో పాటలు పాడించేదీ ఆయనే. దొంగ జొరబడ్డా ఇంట్ల గడ్డపార దొరకొద్దు మహిమా, కంపైలర్ ఉంచితే నువ్వే చేతికిచ్చినట్టు అని మొదటి రోజే చెప్పాడు.

ఆలస్యంగా చేరి, పని అయ్యాక అలవాటుగా కంపైలర్ పేరు gcc అని కొట్టి చూశా. command not found, అంటే లేదు. ఆ మాట చూస్తే నాకెంత నిమ్మళమో!

ఆగస్టు 12, గురువారం
జ్వరం. ఇంకో అప్‌డేట్. నువ్వు పండుకో, నేను పోయొస్త అన్నాడు అన్న. జీతం కట్ కాకుండా, పోయింది నువ్వేనని సార్‌కి చెప్త అని కూడా అన్నాడు. సొంత అన్న ఉన్నా ఇంత చూసుకోడు.

ఆగస్టు 19, గురువారం, సాయంత్రం
సర్వర్‌లోకి ఎవడో దూరాడు. పేషెంట్ల రిపోర్టులన్నీ పోయాయి. పరుగున వెళ్లి gcc కొట్టా. no input files అంది. అంటే ఉంది! వచ్చినవాడు తన ప్రోగ్రాం అక్కడే తయారుచేసుకున్నాడు.

అన్నకు ఫోన్ చేశా. సీడీ చదవలే, మల్ల కొత్తగూడెం ఎవడు పోతడని అక్కడ్నే కంపైలర్ ఎక్కించి పని కానిచ్చిన, తీసుడు మర్చిపోయిన అన్నాడు. నువ్వేం మాట్లాడకు, సార్‌కి నేనే చెప్త అన్నాడు. సరే అన్నా.

ఆగస్టు 20, శుక్రవారం
చెప్పాడు. నేను పెట్టానని చెప్పాడు.

ఏందమ్మా గిట్ల చేసినవ్ అని మా ఆఫీసు పెద్ద ప్రభాకర్ సార్ అడిగారు. ఆ రోజు నేను వెళ్లలేదన్నా. పోయినవని షాలేమ్ అప్పుడే చెప్పిండు గదా, ఇప్పుడు అబద్ధమా అన్నారు. అన్న పక్కనే కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఒక్కసారి కూడా తలెత్తలేదు. సోమవారం నుంచి రావద్దన్నారు.

జ్వరంలో ఉన్నదాన్ని పట్టుకుని మోసం చేశాడు. అసహ్యమేస్తోంది. నిన్న సరే అన్నందుకు నా మీద నాకూ అసహ్యమే.

ఆగస్టు 22, ఆదివారం
చర్చిలో సాక్ష్యాలు, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే వేళ. అన్న లేచాడు. పోయే నా ఉద్యోగాన్ని దేవుడు నిలబెట్టిండు అన్నాడు.

అందరూ స్తోత్రం అన్నారు. అమ్మకు నేనింకా చెప్పలేదు. తనే అందరికంటే గట్టిగా అంది.