ప్రమాదాల రిజిస్టరులో పంతొమ్మిదో పేజీ

గోదావరిఖని,
తేది 30-12-2013.

జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారి సముఖమునకు,
కరీంనగర్.

జంగపల్లి సారలమ్మ, భర్త కీ.శే. పోశం, వయసు 39 సంవత్సరాలు, బొగ్గుబాయి దీపాల గదిలో జనరల్ మజ్దూరు, కంపెనీ క్వార్టర్ల నివాసి, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా మీద జరిగిన దౌర్జన్యాన్ని బాయి వారు నేరమనీ, ఠాణా వారు ప్రమాదమనీ చెప్పి పద్దెనిమిది రోజులుగా ఒకరి మీదికి ఒకరు తోసివేయుట, ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించుట గురించి.

పై విషయమై తమకు సవినయముగా మనవి చేయునది ఏమనగా, ఈ అర్జీ నేను నవ్వుతూ రాస్తున్నాను. అధికారులకు రాసేటప్పుడు నవ్వరాదని తెలుసు. కానీ నిన్న ఆదివారం న్యాయ సేవల శిబిరంలో వకీలు రాజకుమారి మేడం నా హక్కులు ఒక్కొక్కటే చదివి వినిపించినప్పటి నుంచి సంతోషం పట్టలేకుండా ఉన్నాను. కొన్ని ఈ ఏడాదే వచ్చాయట, కొన్ని నేను పుట్టకముందు నుంచే ఉన్నాయట. ఇన్ని హక్కులు పెట్టుకుని ఇన్నాళ్లూ ఉత్త చేతులతో తిరిగానని తెలిస్తే తమరికైనా నవ్వు వస్తుంది.

1. నా భర్త జబ్బుతో కాలం చేసినందున ఆయన ఉద్యోగం నాకు ఇచ్చారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇచ్చి, పైకి వచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం నా డ్యూటీ. తేది 12-12-2013 నాడు మొదటి షిఫ్టులో, పదకొండు గంటల వేళ, దీపాలన్నీ లోపలికి పోయి గది ఖాళీగా ఉన్నప్పుడు, షిఫ్టు ఇన్‌చార్జి నర్సింగం గారు వచ్చి, తలుపు వేసి, నన్ను దీపాల చార్జింగు ర్యాకుల వెనుకకు ఈడ్చి జాకెట్టు చింపాడు. పైన 'గారు' అని అలవాటు కొద్దీ పడింది, కొట్టివేయగలరు. చేతికందిన తలదీపంతో అతని నెత్తి మీద కొట్టి బయటపడ్డాను. నా ఎడమ మణికట్టు బెణికింది, మెడ మీద గోళ్లు దిగాయి. ఆ రోజు నేను నవ్వలేదు. దీపం పగిలిన విషయమై కంపెనీకి సంజాయిషీ విడిగా ఇచ్చుకుంటాను.

2. తరువాత నేను ఒక పొరపాటు చేశాను. బాయిలో మాకు నేర్పేది ఒకటే: దెబ్బ తగిలితే ముందు రిజిస్టరు. రిజిస్టరులో పడనిది జరగనట్టే. పడింది యముడొచ్చినా చెరపలేడు, ఎందుకంటే పేజీలకు నంబర్లు ఉంటాయి. కాబట్టి ఠాణాకు పోకుండా, చిరిగిన జాకెట్టు మీద కొంగు కప్పుకుని, తిన్నగా ప్రమాదాల రిజిస్టరు దగ్గరికి ఉరికి పంతొమ్మిదో పేజీలో గళ్లు నింపాను. గాయపడినవారు: సారలమ్మ. స్థలం: దీపాల గది. ప్రమాదానికి కారణం: నర్సింగం. మళ్లీ జరగకుండా తీసుకోవలసిన చర్య: నర్సింగంను తీసివేయుట.

సాక్షి సంతకానికి మా గది సీనియరు బద్రుద్దీన్ చాచాను పిలిచాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి ఆగిపోయాడు.

"బిడ్డా, కారణం కాడ మనిషి పేరు రాస్తరా? పైకప్పు కూలిందనో, తాడు తెగిందనో రాస్తరు."

"పైకప్పు మంచిగనే ఉన్నది చాచా. నా మీద పడ్డది గాయననే."

చాచా ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టి టైము కూడా వేశాడు: 11-20.

3. అప్పుడు బాయిలో రక్షణ పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ప్రమాదం లేకుండా 211 రోజులు గడిచాయని గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. నా ఎంట్రీతో ఆ లెక్క సున్నాకు వస్తుంది, బాయికి రావలసిన రక్షణ షీల్డు పోతుంది. మేనేజరు గారు పరుగున వచ్చి, "ఇది ప్రమాదం కాదమ్మా, పక్కా నేరం. పోలీసుల దగ్గరికి పో," అన్నారు. ఇప్పటి వరకు ఇది నేరమని నోరారా ఒప్పుకున్న అధికారి ఆయన ఒక్కరే, అందుకు కృతజ్ఞతలు.

ఠాణాకు వెళ్లాను. ఎస్.ఐ. గారు రిజిస్టరు జిరాక్సు చూసి, "ప్రమాదమని నువ్వే రాసినవు గదమ్మా. ప్రమాదమైతే మాకేం పని? మీ మేనేజర్‌కే చెప్పుకో," అన్నారు. ఇట్లా బాయికీ ఠాణాకూ మధ్య ఏడుసార్లు తిరిగాను. ఏడోసారి షేర్ ఆటో నడిపే రఫీ, "ఎక్కడికి అక్కా అని ఇగ నిన్ను అడుగ," అన్నాడు.

4. మా దగ్గర సెలవు తగాదా అయినా, క్వార్టరు తగాదా అయినా, ఆలుమగల తగాదా అయినా గేటు బయట చాయ్ హోటల్లో యూనియన్ వారే తెంపుతారు. మా బాయి యూనియన్ కార్యదర్శి ఆగయ్య అన్న నన్ను కూడా పిలిపించాడు.

"చెల్లె, నర్సింగం నీకు దండం పెడ్తడు. నువ్వు గాయన తల పలగ్గొట్టిన ముచ్చట మేం మర్చిపోతం. ఇద్దరికీ మంచిదే గదా."

"మరి తల పలిగినందుకు గాయన రిజిస్టర్‌ల రాసుకున్నడా అన్నా?"

ఆగయ్య అన్న చాయ్ తాగడంలో పడిపోయాడు. మూడు కుట్లు పడిన నర్సింగం, ఇంట్లో స్నానాలగదిలో జారి పడ్డానని చెప్పుకు తిరుగుతున్నాడు. డ్యూటీ టైములో, పదకొండు గంటలకు, ఏ ఇంట్లో స్నానం చేస్తున్నాడో విచారించగలరు.

5. రాజకుమారి మేడం చెప్పినవి ఇవి. ఠాణాలో ఫిర్యాదు రాసుకోకపోతే నేరుగా తమకు రాయవచ్చు. ఇటువంటి ఫిర్యాదు మహిళా అధికారి రాసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆడమనిషికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం వకీలును ఇస్తుంది. నేను ప్రమాదమని రాసినంత మాత్రాన నేరం ప్రమాదం అయిపోదు. జరిగింది చెప్పడం నా పని, అది ఏ సెక్షనో తేల్చడం వారి పని. ఇక 166-ఎ ప్రకారం ఇట్లాంటి ఫిర్యాదు నమోదు చేయని అధికారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు. ఇది విన్నప్పుడే నేను శిబిరంలో బిగ్గరగా నవ్వాను. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు లేచి మంచినీళ్లకు పోయాడు.

నేను పొరపాటున నింపిన పేజీ, జరిగిన ఇరవై నిమిషాల్లో సాక్షి సంతకంతో రాసినది కాబట్టి, కోర్టులో బంగారంతో సమానమట. మేనేజరు గారు దాన్ని 'పొరపాటున రాసినది' అని కొట్టివేయాలని చూస్తున్నారు. ఎల్లుండి, జనవరి ఒకటి నుంచి, కొత్త రిజిస్టరు మొదలవుతుంది. పాతది ఎక్కడికి పోతుందని అడిగితే కొత్తదాని అట్ట చూపించారు. ప్రస్తుతానికి బద్రుద్దీన్ చాచా దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన రేపటి వరకే కూర్చోగలడు. అందుకే పోస్టును నమ్మకుండా ఈ అర్జీ స్వయంగా బస్సులో తెస్తున్నాను.

6. నవ్వుతున్నాను కదా అని నాకేమీ కాలేదనుకోవద్దు. ర్యాకుల వెనుక వరుసలో దీపాలు ఇప్పటికీ నేను తీయలేను, చాచా తెచ్చిస్తాడు. ఏడుస్తూ ఠాణాకు పోయిన రోజు, "ఏడ్పు ఆపుకొని రేపు రా," అన్నారు. ఆపుకుని పోతే, "ఇంత మంచిగున్నవు, నీకేమైందమ్మా?" అన్నారు. ఎంత ఏడిస్తే ఎఫ్.ఐ.ఆర్. అవుతుందో చట్టంలో ఎక్కడా లేదని మేడం చెప్పారు, నేను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

కావున తమరు దయతో, దయ లేకపోతే చట్టంతో, నా ఫిర్యాదు ఈ రోజే నమోదు చేయించి, రిజిస్టరును స్వాధీనం చేసుకోవలసిందిగా కోరుతున్నాను. చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో పెట్టవద్దు.

చట్టం మేరకు
తమ విధేయురాలు,
జంగపల్లి సారలమ్మ.

జతపరచినవి: రిజిస్టరు పంతొమ్మిదో పేజీ జిరాక్సు, నా దవాఖాన చీటీ. చిరిగిన జాకెట్టు జతపరచలేదు. మహిళా అధికారి వస్తే రశీదు తీసుకుని ఇస్తాను.

తా.క.: బస్సెక్కే ముందు ఈ అర్జీకి జిరాక్సు తీయించాను. దుకాణంలో పిల్ల మిషన్ ఆపి ఆరు అంశాలూ నిలబడి చదివింది. తరువాత నన్ను అడగకుండానే ఒక కాపీ ఎక్కువ తీసింది. నా పేరు ఉన్నచోట తెల్లకాగితం ముక్క పెట్టి, ఆ చోటు ఖాళీగా వచ్చేటట్టు ఇంకోసారి తీసింది. "ఇది నేను ఉంచుకుంటా అక్కా," అంది. ఎవరికని నేను అడగలేదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదలలేదు. తమ మహిళా అధికారిని ఆమె కోసం కూడా కూర్చోబెట్టి ఉంచగలరు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయడం లేదు, ఎప్పుడు రాయాలో ఆమె ఇష్టం.