పక్కపక్కన రెండు పేర్లు

చిట్యాల,
మంగళవారం

ప్రియమైన మోతీ,

నీ రెండు చేతులకూ కట్లున్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీ శోభక్క చదివి వినిపిస్తుందని తెలుసు. అక్క దగ్గర దాచేదేమీ లేదు.

జనగామ కాలేజీ వాళ్లు సదస్సులో మన పోస్టర్‌ పెట్టమని పంపిన కాగితాన్ని నువ్వు మా ఇంటికి తెచ్చిన రోజు, నేను మంచినీళ్లకు లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా శ్రీపాలన్న దాన్ని చదువుతున్నాడు. కణాల్లో ప్రొటీన్లు ఒకదానికొకటి కబురు అందించుకునే అల్లిక మీద మనం చేసిన రెండేళ్ల పని అతనికి కనిపించలేదు. పైన అచ్చయిన పేర్లే కనిపించాయి.

"సుష్మిత, మోతీ. గిదేంది, లగ్గం పత్రికనా? దావతు ఏడ?" అని నవ్వాడు.

నువ్వూ నవ్వావు. "పోస్టర్‌ అన్నా. ఇద్దరం నిలబడి చెప్పాలె."

"తండా నుంచి వచ్చి మా పిల్ల పక్కన నిలబడుతవా?" అని అన్న నావైపు తిరిగాడు. "చెప్పు. వీనికీ నీకూ ఏమన్న ఉన్నదా?"

లేదు అనే ఒక్క మాట చాలు. నోరు పెగల్లేదు. ఎవరైనా గట్టిగా అడిగితే చిన్నప్పటి నుంచీ నాకింతే. కాన్వెంటులో దానికి మంచి నడవడి బహుమతి ఇచ్చారు. నేను మాట్లాడకపోవడాన్ని అన్న అవును అనుకున్నాడు.

గొడ్డలి కామ కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బకు నువ్వు చేతులు అడ్డం పెట్టావు. రెండో దెబ్బకు ఎముక విరగడం విన్నాను, ఎండిన కందికట్టె విరిచినట్టు. నువ్వు పడిపోయాక కూడా వేళ్ల మీద కొట్టాడు. ఏడు దెబ్బలు. నా చేతిలో చెంబు అలాగే ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు.

తర్వాత, నువ్వు బండి మీంచి పడ్డావని పోలీసులకు రాసి సంతకం చేశాను.

పోస్టర్‌ మీద నా పేరు కొట్టేస్తాను. సదస్సుకు వెళ్లను. నన్ను క్షమించు.

సుష్మిత

*

మహబూబాబాద్‌ దవాఖాన,
శుక్రవారం

సుష్మితా,

నేను చెప్తున్న, అక్క రాస్తున్నది.

నీ పేరు కొట్టేస్తే నా వేళ్లు మొలుస్తయా? కుడిచేతికి రెండు తీసేసిండ్రు. ఇగ ల్యాబుల పని నాతోని కాదు. చేసిన పని చెప్పనీకి నువ్వొక్కదానివే మిగిలినవ్‌. పోయి చెప్పు. క్షమించుడు గిమించుడు అడగకు. సంతకం పెట్టిన చేతితోనే ఇంకో కాగితం రాయి. పోస్టర్‌ మీది మూడో బొమ్మల బాణం ఉల్టా పెట్టినవ్‌, జర అది గూడ సరిజెయ్యి.

ఇక్కడ అక్క తన దిక్కు నుంచి ఒక తిట్టు రాసింది. నేనే కొట్టేయించిన.

మోతీ

*

జనగామ,
ఆదివారం

ప్రియమైన మోతీ,

నీ ఉత్తరం మొన్న సోమవారం అందింది. బాణం సరిచేశాను. నీ పేరు ముందు వేయించాను.

నిన్న పొద్దున సదస్సులో విద్యాసాగర్‌ సారని ఒక పెద్దాయన మన పోస్టర్‌ మొత్తం చదివి, "మోతీ ఏడమ్మా?" అన్నారు.

"దవాఖానల ఉన్నడు సార్‌. మా అన్న కొట్టిండు. నేను చూసిన."

ఆయన కళ్లద్దాలు తీశారు. "పోలీసులకు చెప్పినవా?"

"అబద్ధం చెప్పిన సార్‌."

మధ్యాహ్నమే బస్సెక్కాను. చిట్యాల స్టేషన్‌లో పాత కాగితం అబద్ధమని రాసిచ్చాను. ఎస్సై రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ చెప్పాను. ఎవరు చెప్పారో గానీ, బయటికి వచ్చేసరికి అన్న ఉన్నాడు. జుట్టు పట్టుకొని నా ముఖాన్ని ఇనుప గేటుకేసి కొట్టాడు. పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి, పన్ను ఒకటి పోయింది. కానిస్టేబుళ్లు అతన్ని లోపలికి ఈడ్చుకెళ్లారు. "ఇంట్ల అడుగు పెట్టకు" అని అమ్మ ఫోన్‌ చేసింది. ఇక్కడ నా స్నేహితురాలు సింధూజ గదిలో ఉన్నాను.

గురువారం ఎస్సై నీ దగ్గరకు వస్తాడు. నీకు జరిగింది నువ్వు చెప్పు. నేను చూసింది చెప్పేశాను.

సుష్మిత