నీ బిడ్డ మూటకు జాగ లేదట

తప్పంతా నీదే, రాజన్నా. "మనోళ్లున్నరు, భయమెందుకు?" అని నీ భార్యకు నూరిపోసి, ఈ ఎడారి దేశంలో, మన మంగఫ్ గదిలో నా పక్క మంచం ఖాళీ చేసి పోయావు. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను.

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. మీవాళ్లెవరూ ఆదుకోక లక్ష్మి కూడా ఈ దేశానికే, జహ్రాలో ఇంటిపనికి వచ్చింది. ఊళ్లో అమ్మమ్మ దగ్గరున్న నీ బిడ్డ కోసం స్వెటర్, పాలపొడి, ఖర్జూరాలు మూటగట్టి, రేపు ఊరికి వెళ్తున్న మీ అన్న దగ్గరకు నన్ను తోడు తీసుకెళ్లింది. వెళ్లేవాడు తోటివాళ్ల మూట మోయడం ఇక్కడి మన రివాజే కదా.

"కిలోలు నిండినయ్ లక్ష్మీ, మల్లొచ్చినప్పుడు సూద్దాం," అన్నాడాయన, పెద్ద టీవీ డబ్బాకు తాడు బిగిస్తూ.

"టీవీకి జాగుంది, తమ్ముని బిడ్డకు లేదా?" అని అరిచాను.

"ఊకో అన్నా, బావకేం తిప్పలున్నయో," అని లక్ష్మి నన్నే ఆపింది. పైగా ఖర్జూరాల్లో సగం తీసి, ఊళ్లో ఉన్న ఆయన పిల్లలకని ఇచ్చింది! బయటికొచ్చాక నిలదీస్తే, "మా అమ్మ ముసల్ది. రేపు నాకేమన్నయితే బిడ్డకు వాళ్లే దిక్కు గదన్నా," అంది.

రక్తబంధం బూటకమని ఒకప్పుడు ఊళ్లో సంఘం సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. మూట మోయనివాడు బిడ్డను మోస్తాడనుకోవడం వెర్రా, తెలివా? నాకు అర్థం కావడం లేదు.

నా డిమాండ్లు ఇవి:

మీ అన్న కలలోకి వచ్చి గడ్డి పెట్టు.

మనోళ్లంటే ఎవరో లక్ష్మికి సరిగ్గా చెప్పు.

ఆమెకేమైనా అయితే నీ బిడ్డను నేను పెంచుతానంటే, నమ్మమని చెప్పు.